లారీ కంట్లో నీరు

రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీ కనిపించినప్పుడు, కాస్త ఎడంగా నిలబడి, దాని పెద్ద లైట్ల కేసి చూడండి. కొన్ని లైట్ల అద్దాలు తళతళ మెరుస్తూ ఉంటాయి. కొన్నిటికి మాత్రం పొగ పట్టినట్టు, శీతాకాలం పొద్దున్నే కిటికీ అద్దానికి పట్టినట్టు, తెల్లగా మసక కమ్మి ఉంటుంది. గుడ్డ పెట్టి ఎంత తుడిచినా అది పోదు. ఎందుకంటే ఆ చెమ్మ అద్దానికి బయట లేదు, లోపల ఉంది.

మూసి ఉన్న లైటు లోపలికి నీరు ఎలా వెళ్లింది? “వానలో కారి ఉంటుంది” అని మీరు చటుక్కున అనేస్తారు. కొన్ని లైట్ల విషయంలో మీ మాట నిజమే. కాని ఇంకో చిక్కు ప్రశ్న అడుగుతాను, చెప్పండి. ఒక లారీ ఆరేళ్లపాటు వానల్లో తిరిగింది. దాని లైట్లలో ఏనాడూ చెమ్మ నిలవలేదు. ఒకరోజున దానికి పాత బల్బులు తీసేసి ఎల్.ఇ.డి. బల్బులు పెట్టారు. అద్దం అదే, వెనకాల డొప్ప అదే. ఒక్క బల్బే మారింది. నెల తిరక్కుండా రెండు లైట్లకూ మసక పట్టింది. బల్బు మారిస్తే నీరు ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ ప్రశ్న నన్ను అడిగినవాడు మా బావమరిది. నేను ముప్పై ఏళ్లపాటు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాను. కాబట్టి ప్రపంచంలో ఏ వస్తువు చెడిపోయినా దానికి జవాబు నా దగ్గర ఉండాలని అతని నమ్మకం.

మా బావమరిదికి కైకలూరులో ఒక లారీ ఉన్నది. కైకలూరు అంటే కొల్లేరు పక్కన. అక్కడి చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి చేపలను పెట్టెలలో ఐసు ముక్కలు దట్టించి సర్ది, లారీల కెత్తి బెంగాలుకు పంపుతారు. కైకలూరు నుంచి హౌరా వెయ్యి కిలోమీటర్ల పైమాటే. డ్రైవరు రెండు రాత్రులు రోడ్డు మీదే ఉంటాడు. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, ధర తగ్గుతుంది. అందుచేత ఆ లారీలకు పగలు ఎంత ముఖ్యమో, రాత్రి అంతకన్న ముఖ్యం. రాత్రి పూట లారీకి లైట్లే కళ్లు.

జనవరి నెలలో ఒకనాటి తెల్లవారుజామున ఆ లారీ ఒరిస్సాలో చిలకా సరస్సు పక్క నుంచి పోతోంది. (ఆ రాష్ట్రం పేరును 2011లో ఒడిశా అని మార్చారు గాని, మా డ్రైవరు ఇంకా ఒరిస్సా అనే అంటాడు.) సరస్సు మీది నుంచి మంచు కమ్ముకొచ్చింది. మంచులో డ్రైవింగు అతనికి కొత్తేమీ కాదు. కాని ఆ రోజున లైట్ల వెలుగు రోడ్డు మీద పడడం మానేసి, లారీకి ఎదురుగా తెల్లటి దుప్పటి కట్టినట్టు గాలిలోనే పరుచుకున్నది. లైటు తగ్గించి చూశాడు. లాభం లేకపోయింది. అంతలో ఆ తెలుపులోంచి ఒక సైకిలు వచ్చింది. దానికి అటొకటి ఇటొకటి పాల క్యాన్లు వేలాడుతున్నాయి. సైకిలు మీది మనిషి మెడకు మఫ్లరు చుట్టుకుని, వెనక లారీ వస్తోందన్న ధ్యాస లేకుండా తొక్కుకుంటూ పోతున్నాడు. డ్రైవరు స్టీరింగు కోశాడు. లారీకీ పాల క్యానుకూ మధ్య జానెడు ఎడం మిగిలిందట. ఆ మనిషి ఆగనైనా ఆగలేదట.

డ్రైవరు మాత్రం ఆగిపోయాడు. కొంత దూరంలో ఒక ధాబా కనిపిస్తే లారీని పక్కకు దించి, ఇంజను ఆపి, పొద్దెక్కేదాకా కదల్లేదు. మూడు గంటల ఆలస్యం. హౌరాలో సరుకుకు ధర తగ్గింది. మా బావమరిది ఫోనులో డ్రైవరు మీద గట్టిగా కేకలు వేశాడు. డ్రైవరు ఆ పాల మనిషి సంగతి చెప్పాక కేకలు ఆగిపోయాయి.

ఆ తరవాత నాకు ఫోను వచ్చింది.

“బావా, మీరోసారి బెజవాడ ఆటోనగరు రావాలి. బల్బులు కొత్తవి. వేలు పోసి కొన్నాను. అద్దాల్లో ఆవిరి పడుతోంది. ఎలక్ట్రీషియను ఒకటి చెబుతాడు, డ్రైవరు ఒకటి చెబుతాడు. మీరు చూసి ఏదో ఒకటి తేల్చండి,” అన్నాడు.

ఆటోనగరు మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ లారీకి సంబంధించిన ప్రతి పనికీ వేరే మనిషి ఉంటాడు. కమాను కట్టలు వేసేవాడు ఒకడు, రేడియేటరు అతికేవాడు ఒకడు, తొట్టి కట్టేవాడు ఒకడు. మేము వెళ్లేసరికి ఎలక్ట్రీషియను ఎడమ లైటు విప్పి బల్ల మీద పెట్టాడు. అద్దం, దాని వెనక మెరిసే గిన్నె, చుట్టూ ప్లాస్టిక్ డొప్ప – ఈ మొత్తాన్ని వాళ్లు “డూము” అంటారు. డూమును అటూ ఇటూ వంచితే లోపల నీళ్లు గలగలమన్నాయి.

ఇప్పుడు మనం బల్బు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పాత హాలోజెన్ బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగె ఉంటుంది. కరెంటు పారితే ఆ తీగె రెండు వేల డిగ్రీలు దాటి కాగుతుంది. అలా కాగినందువల్లనే వెలుగుతుంది. లారీలో ఉండేవి 24 వోల్టుల బ్యాటరీలు. ఆ లైటుకు వాడే బల్బు రమారమి 70 వాట్లది. ఈ 70 వాట్లలో వెలుగుగా మారేది పదో వంతుకు మించదు. తక్కినదంతా వేడే. శక్తిని ఇలా వృథా చేయడం లెక్కల ప్రకారం నష్టమే. కాని ఆ వేడి ఏమవుతోందో చూడండి. వెలుగుతో పాటు కంటికి కనిపించని వేడి కిరణాలు కూడా గిన్నె మీద పడి, ముందుకు తిరిగి, అద్దాన్ని తాకుతాయి. అద్దం వెచ్చబడుతుంది. లోపల ఏ మాత్రం చెమ్మ పట్టినా పది, ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. పాత బల్బు ప్రతి రాత్రీ దీపం పని చేస్తూనే, ఎవరూ అడక్కుండానే, కుంపటి పని కూడా చేసేదన్నమాట!

ఎల్.ఇ.డి. అలా కాదు. దానిలో కాగే తీగె లేదు. చిన్న స్ఫటికపు పలుకులో కరెంటు నేరుగా వెలుగవుతుంది. తెల్లని ఎల్.ఇ.డి.కి మూలమైన నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఇది తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగిస్తుంది. దీనిలోనూ వేడి పుడుతుంది గాని, ఆ వేడి కిరణాలతో పాటు ముందుకు పోదు. పలుకు వెనక భాగాన పుడుతుంది. దాన్ని అక్కణ్ణించి తప్పించకపోతే పలుకు మాడిపోతుంది. అందుకని బల్బు వెనకాల అల్యూమినియం రెక్కలూ, బొటనవేలంత చిన్న ఫ్యానూ అమరుస్తారు. వేడి వెనక్కి పోతుంది. ముందున్న అద్దం చల్లగానే ఉండిపోతుంది.

ఇదేదో మన లారీకే వచ్చిన చిక్కు కాదు. అమెరికాలో మంచు కురిసే ఊళ్లలో వీధుల్లోని ట్రాఫిక్ దీపాలకు ఎల్.ఇ.డి.లు పెట్టినప్పుడు, తుపాను రోజుల్లో మంచు దీపాల మీద పేరుకుని ఎరుపో ఆకుపచ్చో తెలియకుండా పోయింది. పాత బల్బుల వేడికి ఆ మంచు కరిగిపోతూ ఉండేది. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

“అయితే బల్బు చెమ్మ తేలేదు. ఉన్న చెమ్మను ఆర్పడం మానేసింది,” అన్నాడు మా బావమరిది.

సగం జవాబు అదే. మరి ఉన్న చెమ్మ ఎక్కణ్ణించి వచ్చినట్టు? ఇందుకోసం మీరొక చిన్న ప్రయోగం చేయండి. ఖాళీ సోడా బుడ్డి ఒకటి ఫ్రిజ్‌లో కొంతసేపు పెట్టి, బయటికి తీసి, దాని మూతి మీద తడిపిన రూపాయి బిళ్ల పెట్టండి. రెండు చేతులతో బుడ్డిని పొదివి పట్టుకుని కదలకుండా చూడండి. కాసేపటికి బిళ్ల టిక్కుమని లేచి పడుతుంది, మళ్లీ లేచి పడుతుంది. మీ చేతుల వెచ్చదనానికి లోపలి గాలి పెరిగి, చోటు చాలక బయటికి తన్నుకుని వస్తోంది. బుడ్డి మళ్లీ చల్లబడితే అంత గాలీ లోపలికి పీల్చుకుంటుంది.

లైటు కూడా ఇలాగే ఊపిరి తీస్తుంది. లోపలి గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వెచ్చబడితే అందులో రమారమి పదో వంతు బయటికి పోవాలి. లైటు ఆర్పాక చల్లబడితే అంత గాలీ లోపలికి రావాలి. గాలికి దారి లేకుండా అంతా బిగించేస్తే ఆ ఒత్తిడికి అతుకులు విడిపోతాయి. అందుచేత డూము తయారు చేసేవాళ్లే దానికి ఒకటి రెండు చోట్ల ఊపిరి రంధ్రాలు పెడతారు. కొన్నిటికి కిందికి వంగిన చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. కొన్నిటికి గుండీ అంత పల్చటి పొర అతికి ఉంటుంది. ఈ పొరలో సన్నని బెజ్జాలు ఎంత చిన్నవంటే, గాలీ నీటి ఆవిరీ వాటిలోంచి వెళ్లగలవు గాని, నీటి బొట్టు దూరలేదు.

బయటి గాలి లోపలికి వస్తే దానితో ఆవిరి కూడా వస్తుంది. ఎంత వస్తుంది? ఇక్కడ నేను బల్ల మీద సుద్దముక్కతో ఒక లెక్క చేశాను. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి మోయగలిగిన ఆవిరి దాదాపు 30 గ్రాములు. 20 డిగ్రీల దగ్గర అది 17 గ్రాములే మోయగలదు. మిగతా 13 గ్రాములూ నీరైపోవాలి. కాని మన డూములో పట్టే గాలి సుమారు అయిదు లీటర్లు, అంటే ఘనపు మీటరులో రెండువందలో వంతు. 13 గ్రాములను 200 చేత భాగించండి. గ్రాములో పదిహేనో వంతు వస్తుంది. అంటే ఒక్క నీటి బొట్టు, మరి కాస్త.

ఎలక్ట్రీషియను నవ్వాడు. “ఒక్క బొట్టు అద్దమంతా కప్పేస్తుందా మాష్టారూ?” అన్నాడు.

కప్పేస్తుంది. ఆ ఒక్క బొట్టూ కంటికి కనిపించనంత చిన్న తుంపరలుగా చీలి అద్దమంతా పరుచుకుంటుంది. ప్రతి తుంపరా వెలుగును తలొక వైపుకీ విసురుతుంది. రోడ్డు మీదికి పోవలసిన వెలుగు చెట్ల మీదికీ, ఎదుటివాడి కంట్లోకీ, మంచు ఉంటే ఆ మంచులోకీ పోతుంది. మా డ్రైవరుకు కనిపించిన తెల్ల దుప్పటి ఇదే.

కాని ఈ లెక్క వల్ల ఇంకో సంగతి కూడా తేలింది. నాకు ముఖ్యమనిపించింది అదే. ఊపిరితో వచ్చే ఆవిరి ఒక్క బొట్టుకు కాస్త ఎక్కువైతే, డూములో గలగలమంటున్న నీళ్లు ఊపిరితో వచ్చినవి కావు. అవి వంపితే చెంచాడు వచ్చాయి. అంత నీరు రావాలంటే ఎక్కడో కంత ఉండి తీరాలి. పల్చగా మసక పట్టడం ఒక జబ్బు, అడుగున నీళ్లు చేరడం మరొక జబ్బు. రెంటికీ ఒకటే మందు వేస్తే లాభం లేదు.

ఒక కంత మాకు ఎదురుగానే ఉన్నది, వెతకనక్కర్లేకపోయింది. డూము వెనక బల్బు దూరే చోట ఒక రబ్బరు టోపీ ఉంటుంది. పాత బల్బు వెనక భాగం పొట్టిది కనుక టోపీ దాన్ని గట్టిగా పట్టుకునేది. కొత్త బల్బుకు రెక్కలూ ఫ్యానూ ఉండి వెనకభాగం పొడుగైంది. టోపీ పట్టలేదు. బల్బు అమ్మిన దుకాణంవాడు టోపీ మధ్యలో బ్లేడుతో పెద్ద చిల్లు కోసి తొడిగేశాడు. కుడివైపుదానికి అసలు టోపీయే లేదు! చేపల లారీలు వరసగా పోయేటప్పుడు ముందు లారీలోంచి ఐసు నీళ్లు కారి రోడ్డు తడిగా ఉంటుంది. చక్రాలు ఆ తడిని చిమ్ముతాయి. దానికి తోడు సరుకు దించాక ప్రతిసారీ పంపుతో లారీని కడుగుతారు. టోపీ లేని డూముకు ఇంక నీరు ఎక్కణ్ణించి వచ్చిందని అడగడమెందుకు?

అక్కడ ఐ.టి.ఐ. చదివి కొత్తగా పనిలో చేరిన కుర్రాడొకడు ఉన్నాడు. చురుకైనవాడు. సిలికాన్ పేస్టు ట్యూబు పట్టుకుని వచ్చి, “అన్ని కంతలూ దీనితో పూడ్చేస్తే సరి కదండీ!” అన్నాడు. అప్పటికే ఊపిరి గొట్టం మూతికి పేస్టు రాయబోతున్నాడు. మా బావమరిది సోడా బుడ్డి ప్రయోగం వాడికి వివరించి చెప్పాడు. ఈ సంగతి తనకు చిన్నప్పటి నుంచీ తెలిసినట్టే చెప్పాడు. గాలికి అసలు దారి మూసేస్తే అది అతుకును చీల్చుకుని అయినా పీలుస్తుంది. అప్పుడు గాలితో పాటు నీరు కూడా పీలుస్తుంది. ఆ పేస్టుతో ఇంకో ఇబ్బంది ఉన్నది. పుల్లటి వెనిగరు వాసన వేసే రకం ఆరేటప్పుడు ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. డూములో గిన్నెకు ఉన్న మెరుపంతా వెంట్రుక కన్న పల్చని అల్యూమినియం పూత. ఆమ్లం తగిలితే అది నల్లబడిపోతుంది.

బయటికి కనిపించని కంతలు పట్టడానికి మేము సైకిలు షాపువాడి విద్యే వాడాం. ట్యూబులో పంక్చరు ఎలా వెతుకుతారో మీకు తెలుసు కదా. బల్బు తీసేసి, వెనక రంధ్రం గట్టిగా మూసి, ఒక్క ఊపిరి గొట్టం వదిలి తక్కినవన్నీ టేపు అంటించి, డూమును నీళ్ల తొట్టిలో ముంచాం. కుర్రాడు గొట్టంలోంచి మెల్లగా ఊదాడు. గట్టిగా ఊదితే మంచి అతుకు కూడా తెగుతుంది. కాసేపు ఏమీ లేదు. తరవాత అద్దం కింది అంచున, బంపరు వైపు మూల, వరసగా మూడు బుడగలు పైకి వచ్చాయి. అద్దాన్నీ డొప్పనూ కలిపే నల్లటి జిగురు అక్కడ ఒక అంగుళం మేర ఎండి విడిపోయింది. ఎప్పుడో చిన్న దెబ్బ తగిలి ఉంటుంది.

ఆ జిగురు బ్యూటైల్ రబ్బరు. వేడికి మెత్తబడుతుంది, చల్లారితే మళ్లీ పట్టుకుంటుంది. ఎలక్ట్రీషియను పాతదాన్ని గీకి, కొత్త పట్టీ పెట్టి, వేడిగాలి గొట్టంతో వెచ్చచేసి అదిమాడు. కాని అంతకు ముందే డూము లోపల పూర్తిగా ఆరాలి. తడి లోపల పెట్టి అతికితే దొంగను ఇంట్లో పెట్టి తాళం వేసినట్టే. వెనక రంధ్రాలన్నీ తెరిచి మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు ఉంచాం. గిన్నెను గుడ్డ పెట్టి తుడవబోతే ఎలక్ట్రీషియను ఒప్పుకోలేదు. పూత ఊడిపోతుందన్నాడు. సరైన మాట.

కొత్త మందు పెట్టెల్లో, చెప్పుల పెట్టెల్లో “తినరాదు” అని రాసిన చిన్న పొట్లాలు చూశారా? అవి సిలికా జెల్. గాలిలోని తడిని పీల్చేస్తాయి. డ్రైవరు అలాటివి నాలుగు జేబులో వేసుకొచ్చాడు. డూములో వేసి మూసెయ్యమన్నాడు. ఆరబెట్టే మూడు గంటలూ వాటిని వాడాం గాని, లోపల ఉంచి మూయలేదు. ఊపిరి తీసే డూములోకి కొత్త ఆవిరి రోజూ వస్తూనే ఉంటుంది. పొట్లం పట్టగలిగినంత పట్టి, కొన్ని వారాలకు ఊరుకుంటుంది. అప్పుడు అది డూములో అడ్డంగా పడి ఉన్న చెత్త. పైగా దొర్లి బల్బుకు తగిలితే ఇంకో గొడవ.

టోపీ సంగతి అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది. ఎల్.ఇ.డి. బల్బుల కోసం లోతైన రబ్బరు టోపీలు అమ్ముతారు. ఫ్యానూ రెక్కలూ అన్నీ దాని లోపల పడతాయి. అయితే ఇందులో ఒక పేచీ ఉన్నది. టోపీ బిగిస్తే ఫ్యాను విసిరే వేడి గాలి బయటికి పోదు, డూములోనే తిరుగుతుంది. అద్దానికి అది మంచిదే, కొంచెం వెచ్చదనం దక్కుతుంది. బల్బుకు చెడ్డది, దాని ఆయుష్షు తగ్గుతుంది. టోపీ మరీ ఇరుకైతే ఫ్యానుకు ఊపిరాడదు. మేము దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్న లోతైనది తీసుకున్నాం. ఫ్యాను వెనక రెండు వేళ్ల చోటు మిగిలింది. వైరు బయటికి వచ్చే చోట రబ్బరు రింగు వేసి, వైరును టోపీ కన్న కిందికి ఉయ్యాలలా వేలాడదీసి, మళ్లీ పైకి తిప్పాం. వైరు వెంట జారే నీరు ఆ ఉయ్యాల అడుగునే బొట్లుగా రాలిపోతుంది, టోపీలోకి ఎక్కదు. మీ ఇంటి గోడలోంచి లోపలికి వచ్చే కరెంటు వైరును చూడండి. మంచి పనివాడు చేసినదైతే బయట అలాటి ఉయ్యాల ఉంటుంది.

కుడి డూముకు కంత లేదు గాని, దాని ఊపిరి గొట్టం నిండా మట్టి గట్టిపడి ఉన్నది. పిన్నీసుతో తీస్తే సుద్దముక్కలా ఊడింది. పాపం, ఎన్నాళ్ల నుంచి ఊపిరి బిగబట్టుకుని ఉన్నదో! డ్రైవరుకు ఒక మాట చెప్పాం: రాత్రంతా వెలిగిన లైట్ల మీద వెంటనే చల్లని నీళ్లు కొట్టవద్దు, అరగంట ఆగమని. వేడి డూము ఒక్కసారిగా చల్లబడితే ఆవురావురుమని గాలి పీలుస్తుంది. ఆ క్షణాన అంచుల చుట్టూ నీరు ఉంటే అది కూడా లోపలికి పోతుంది.

చెమ్మ సంగతి అయింది గాని, నా మనసులో ఇంకొకటి ఉన్నది. సాయంత్రం చీకటి పడ్డాక లారీని ఒక గోడకు ఎదురుగా నిలబెట్టి లైట్లు వేయించాను. తగ్గు లైటులో వెలుగు ఒక గీత దాకా నిలిచి, ఆ పైన చీకటిగా ఉండాలి. మాది గీత దాటి గోడ పైదాకా పాకింది. ఆ గిన్నె వంపులన్నీ పాత బల్బులోని తీగె ఎక్కడ ఉంటుందో లెక్క కట్టి తీర్చినవి. ఎల్.ఇ.డి. పలుకు సరిగ్గా ఆ చోటనే, అంతే పరిమాణంలో ఉంటే తప్ప వెలుగు చెదురుతుంది. బల్బును తిప్పి, పలుకులు అటూ ఇటూ పక్కలకు ఉండేట్టు బిగిస్తే కొంత నయమైంది. పూర్తిగా కాలేదు. ఎదుటి నుంచి వచ్చేవాడికి అది కంట్లో పొడుస్తుంది. కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం కూడా ఒప్పుకోదు. ఇవి పాత డూముకు తగిన బల్బులు కావు, పాత బల్బులే మళ్లీ పెట్టు, లేదా ఎల్.ఇ.డి. కోసమే తయారై ప్రభుత్వ పరీక్షలో నెగ్గిన డూము మొత్తం కొను అన్నాను. నా అభిప్రాయం ఇప్పటికీ అదే.

“వేలు పోసి కొన్నాను బావా!” అన్నాడు మా బావమరిది మళ్లీ.

“పాల క్యాన్ల మనిషి ఎదురుగా కూడా రావచ్చు కదండీ,” అన్నాడు డ్రైవరు, టైర్ల కేసి చూస్తూ.

ఎవరూ ఏమీ అనలేదు. మా బావమరిది కాసేపు గోడ మీది వెలుగును చూసి, మర్నాడు పొద్దున్నే దుకాణం తెరవగానే 70 వాట్ల హాలోజెన్లు రెండు తెచ్చాడు. వాటికి మామూలు టోపీలు కొత్తవి వేశారు. ఎల్.ఇ.డి.లనూ లోతైన టోపీలనూ పెట్టెలో సర్ది అటక మీద పెట్టాడు. ఆ ఎల్.ఇ.డి. డూములు ఎంతవుతాయో కనుక్కుంటున్నాడు. ఇప్పుడు కంపెనీలే అలాటి లైట్లు పెట్టి లారీలను అమ్ముతున్నాయి. వాటికీ వానాకాలంలో పల్చటి మసక పట్టి, బండి కదిలాక పోతూ ఉంటుంది. అది ఆ ఒక్క బొట్టే కనుక ఫరవాలేదు. అడుగున నీరు చేరితేనే విప్పించాలి.

ఫిబ్రవరిలో లారీ రెండుసార్లు హౌరా వెళ్లి వచ్చింది. ఎడమ డూము పొడిగానే ఉన్నది. కుడిదానిలో ఒక మూల బొటనవేలంత మేర మసక పట్టి, లైటు వేసిన పావుగంటకు పోతున్నదట. డ్రైవరు టీకి ఆగిన ప్రతి చోటా దిగి, ముందు ఆ మూల చూసి, తరవాతే గ్లాసు అందుకుంటున్నాడని క్లీనరు చెప్పాడు.